తమ్ముడిలో ఉన్నది నా కిడ్నీ, కృతజ్ఞత మాత్రం దేవుడికే ఎందుకు?

లెక్కల టీచరు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో ఎప్పటినుంచో చదువుతున్నానే గాని రాసింది చాలా తక్కువ. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని బాధ ఒకటి ఉండడం వల్ల ఈరోజు రాస్తున్నాను.

నా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రెండేళ్ల పాటు వారానికి 3 సార్లు, పూటకు 4 గంటల చొప్పున డయాలసిస్ చేయించుకున్నాడు. అమ్మకు షుగరు ఉండడంతో ఆమె ఇవ్వడానికి వీల్లేదన్నారు, మరదలి రక్తం గ్రూపు కలవలేదు, నాది కలిసింది. పోయిన శ్రావణంలో నా ఎడమ కిడ్నీని తీసి వాడి పొత్తికడుపులో కుడివైపున అమర్చారు. ఇప్పుడు వాడు ఉద్యోగానికి వెళ్తున్నాడు, బండి నడుపుతున్నాడు. నా పొట్ట మీద మూడు చిన్న మచ్చలు, బొడ్డుకు బాగా కిందుగా అడ్డంగా ఒక గీత మిగిలాయి.

గతవారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేశారు. ఇంటర్ చదివే రోజుల నుంచీ నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఎవరి పూజకూ అడ్డు చెప్పను. ప్రసాదానికి గోధుమరవ్వ వేయించి ఇచ్చింది కూడా నేనే. వచ్చినవారంతా తమ్ముడి తల నిమిరి, "ఆ స్వామి నిన్ను నిలబెట్టాడురా" అన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ అందరికీ తిరుపతి మొక్కు సంగతి చెప్పింది. చివరికి మా మేనత్త నా భుజం మీద చెయ్యి వేసి, "నీదేముందమ్మా, ఆ స్వామే నీ చేత ఇప్పించాడు" అంది. ప్రేమగానే అంది. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేకపోయాను.

నాకు పొగడ్తలు అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు జరిగిన ఒక విషయం చెబితే నా బాధ ఏమిటో అర్థమవుతుంది. ఒకరోజు డాక్టరు గారు అమ్మనీ, మా ఆయననీ బయటికి పంపి, తలుపు వేసి నన్ను అడిగారు: "మీ మీద ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా? మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. పరీక్షల్లో మీరు పనికిరారని తేలిందని మేమే ఇంట్లోవాళ్లకు చెబుతాం, అసలు సంగతి ఎవరికీ తెలియదు." అంటే ఎవరి ఎదుటా తల వంచుకోకుండా తప్పుకునే దారిని నాకు ఆయన చూపించారు. నాకు ఇద్దరు చిన్న పిల్లలు. మత్తుమందు అంటే చచ్చేంత భయం. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని, అంతా ఆలోచించుకుని, ఇస్తానన్నాను. నా జీవితంలో పూర్తిగా నాది అని చెప్పుకోగల నిర్ణయం ఒక్కటంటూ ఉంటే అది అదే. "ఆ స్వామే ఇప్పించాడు" అన్న ఒక్క మాటతో అది నాది కాకుండా పోయింది.

ఇది అహంకారమని మీకు అనిపిస్తే అలాగే చెప్పండి. నాలాంటి అనుభవం ఎవరికైనా ఉంటే అదీ రాయండి.

నిత్య ప్రదక్షిణ

అమ్మా, ముందుగా మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు చేసిన పని చిన్నది కాదు. నేను నమ్మకం ఉన్న మనిషిని, రోజూ గుడికి వెళ్తాను. అందుకే మీ మేనత్త గారి మాటలో నాకు వినిపించినది మీకు చెప్పాలనిపించింది.

మన ఇళ్లలో "దేవుడి దయ" అనే మాట ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబుగా రాదు. "బాగున్నారా" అని అడిగితే "దేవుడి దయవల్ల బాగున్నాం" అంటాం. ఆ పూట అన్నం వండిన ఇల్లాలిని కాదనడం మన ఉద్దేశం కాదు. మన చేతిలో లేనివి ఎన్నో కలిసి వస్తేనే ఈ పూట గడిచిందని ఒప్పుకోవడం అది. భక్తుడికి "నిమిత్తమాత్రుడు" అంటే చేతిలోని పనిముట్టు అనే తక్కువ మాట కాదు, యుద్ధరంగంలో అర్జునుడంతటివాడికి కృష్ణుడు చెప్పిన మాట అది. భగవంతుడు తన పని చేయించుకోవడానికి ఇంతమందిలో మిమ్మల్ని ఎంచుకున్నాడని మీ మేనత్త గారు అన్నారు. వారి భాషలో అంతకు మించిన గౌరవం లేదు. మీరు వారి భాష మాట్లాడరు కాబట్టి అది మీకు చేరలేదు, అంతే.

ఉద్దానం తోట

టీచరు గారూ, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల ఊళ్ల సంగతి అందరూ వినే ఉంటారు. కిడ్నీ మాట ఎత్తితే మా వీధిలో వేళ్లు మడవకుండా లెక్క చెప్పలేం. మా నాన్న కొబ్బరితోటలో పనిచేసేవారు. షుగరు లేదు, బీపీ లేదు, తాగుడు లేదు, అయినా 52 ఏళ్లకే, రక్తంలో పెరిగితే కిడ్నీలు పాడైనట్టు చెప్పే క్రియాటినిన్ 7 దాటింది. మా పెదనాన్నదీ అదే కథ.

పొగడ్త దేవుడికి వెళ్లడం మీకు బాధ కలిగించింది. మా దగ్గర తప్పు కూడా అటే వెళ్తుంది, అది ఇంకా ప్రమాదకరం. నా చిన్నతనమంతా "రాత", "పూర్వజన్మ కర్మ", "అమ్మవారికి కోపం వచ్చింది" అనే మాటలే వింటూ పెరిగాను. అది కర్మే అయితే నీళ్లు పరీక్ష చేయించమని అడిగేదెవరు? నేలలోని సిలికానా, వాడిన పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీనా అని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతుకుతున్నా, కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. కాని అడగడం మొదలుపెట్టిన తర్వాతే మాకు డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. వీటి కోసం కలెక్టరు ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో కొందరు ఆ ఆసుపత్రిని చూడకుండానే పోయారు. దాన్ని తెరిచిన రోజున మా ఊళ్లో ఒకాయన "ఇన్నాళ్లకు దేవుడు కరుణించాడు" అన్నాడు. నేను ఏమీ అనలేదు, కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిత్య ప్రదక్షిణ గారూ, ఆ మాట వట్టి వినయమే అయితే నాకూ అభ్యంతరం ఉండేది కాదు. అది అంతటితో ఆగదు.

మూడో వరుస

ఇది ఒక్క మతానికి సంబంధించిన విషయం కాదు కనుక రాస్తున్నాను. మాది గుంటూరు దగ్గర ఒక ఊరు, మా కుటుంబం మూడు తరాలుగా చర్చికి వెళ్తోంది. నేను వెళ్లడం మానేసి పదకొండేళ్లయింది. మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఆ వారం ఒకామె లేచి, డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయిన తన కొడుకును ప్రభువు ఎలా బతికించాడో చెప్పింది. రాత్రంతా ఉపవాస ప్రార్థన చేశామనీ, తెల్లారేసరికి కౌంటు పెరిగిందనీ చెప్పగానే అందరూ స్తోత్రం చెప్పారు. నాది మూడో వరుస. నా పక్కనే కూర్చున్న అమ్మాయి కూతురు పది రోజుల కిందటే అదే డెంగీతో, అదే ఆసుపత్రిలో చనిపోయింది. ఆమె కూడా ఉపవాసం ఉంది. ఆమె కోసం మేమంతా ప్రార్థన చేశాం. ఆమె ఏడవలేదు. ఒళ్లోని బైబిల్ అంచును గోటితో గీరుతూ కూర్చుంది, ఆ గోటి చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆరాధన అయ్యాక ఎవరో వచ్చి ఆమెతో, "దేవుని చిత్తం, మనకు అర్థం కాదు" అన్నారు.

బతికితే ఆయన ప్రేమ స్పష్టంగా కనబడుతుందట, చనిపోతే ఆయన చిత్తం ఎవరికీ అర్థం కాదట. సాక్ష్యం చెప్పినామె మీద నాకు కోపం లేదు, ఆమె బిడ్డ బతికాడు, ఆమె ఆనందం నిజం. కాని పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా ఆ మాట అనగలిగే అలవాటును మాత్రం నేను క్షమించలేకపోతున్నాను.

థియేటర్ సిస్టర్

నేను ఒక పెద్దాసుపత్రిలో 19 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. దేవుణ్ణి నమ్ముతాను, డ్యూటీకి బయలుదేరేటప్పుడు దండం పెట్టుకునే వెళ్తాను. అయినా టీచరు గారి పక్షానే మాట్లాడుతున్నాను.

కిడ్నీ అమర్చి రక్తనాళాలకు పెట్టిన బిగింపులు వదలగానే అది బల్ల మీదే గులాబీ రంగుకు తిరుగుతుంది, చాలాసార్లు అక్కడే మూత్రం చుక్కలుగా మొదలవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఆ క్షణంలో నేను కూడా దేవుణ్ణి తలచుకుంటాను. ఆ తర్వాత మొదలయ్యేది మా పని. ఆ రాత్రంతా గంటగంటకూ ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, ఆ లెక్క ప్రకారం సెలైన్ ఎక్కించి, చార్టులో రాసి, పొటాషియం చూసుకుంటూ, గొట్టంలో గడ్డ అడ్డుపడిందేమోనని వంగి చూస్తూ తెల్లవారేదాకా మంచం పక్కనే ఉంటాం. తెల్లారి బంధువులు వచ్చి "దేవుడు కాపాడాడు సిస్టర్" అంటే నవ్వి తలూపుతాం. అది నన్ను బాధపెట్టదు.

బాధపెట్టేది రెండో రకం రోజు. పేషెంటు బతికితే దేవుడు, పోతే మా నిర్లక్ష్యం. ఒకసారి ఒక పెద్దాయన పోయిన రాత్రి ఆయన కొడుకులు మా వార్డు అద్దాలు పగలగొట్టారు, మా జూనియర్ అమ్మాయి మందుల గదిలో గొళ్లెం పెట్టుకుని నిలబడింది. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులు జరగకుండా మన రాష్ట్రంలో 2008లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. మంచికి కారణం పైవాడైతే చెడుకీ కారణం పైవాడే కావాలి, లేదా రెండింటికీ మనుషులే కావాలి. సగం సగం పంచితే ఎవరి వాటాకు ఏది వస్తుందో మా వార్డుకు వచ్చి చూడండి.

అర్వింగ్ వాసి

నాది చిన్న అనుభవం. హైదరాబాదు పక్కనే ఉన్న చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేస్తారని అందరికీ తెలిసిందే. అమెరికా ప్రభుత్వం ఏటా ఇచ్చే 85,000 హెచ్-1బీ వీసాలకు అంతకన్నా ఎక్కువమంది పోటీపడ్డప్పుడు ఎంపిక లాటరీలో జరుగుతుంది. నా స్నేహితుడికి మొదటిసారే వచ్చింది, సెలవు పెట్టి వెళ్లి 108 పూర్తి చేశాడు. నాకు వరసగా మూడేళ్లు రాలేదు. నా కోసం అమ్మ కూడా 11 తిరిగింది. "భక్తిగా తిరిగి ఉండరు" అన్నారు మా బంధువులొకరు, అదీ మా అమ్మ ఎదుటే. ఇక్కడ అడ్డం తిరిగింది లాటరీ, తల దించుకున్నది మోకాళ్ల నొప్పులతో నడిచిన మా అమ్మ. ఇప్పటికీ నాకు ఆ మాట మీదే కోపం.

పాత చరిత్ర

అర్వింగ్ వాసి గారి అనుభవానికి రెండు వేల ఏళ్లు దాటిన పోలిక ఒకటి ఉంది. ప్రాచీన గ్రీసులో మెలోస్ దీవికి చెందిన డయాగరస్ అనే నాస్తికుడు ఉండేవాడు. సముద్రపు తుపానులో మొక్కుకుని బతికి బయటపడినవారు సమర్పించిన చిత్రాలను ఒక స్నేహితుడు గుడిలో ఆయనకు చూపించి, దేవతలు మనుషులను పట్టించుకుంటారనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలని అడిగాడట. మునిగిపోయినవారి చిత్రాలు ఎక్కడున్నాయని డయాగరస్ తిరిగి అడిగాడు. రోమన్ వక్త సిసిరో ఈ సంగతిని రాసిపెట్టాడు. చిలుకూరులో 108 తిరిగేవారు మనకు కనిపిస్తారు. 11 తిరిగి, ఏమీ రాక, మౌనంగా ఇంట్లో ఉండిపోయినవారు ఏ ప్రాకారంలోనూ కనిపించరు. మూడో వరుస గారి పక్కన కూర్చున్న తల్లి కూడా అలాంటి కనబడని చిత్రమే.

ఉద్దానం తోట గారు ఎత్తిన రెండో విషయం మీద మన దేశంలోనే గొప్ప వాదం జరిగింది. 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇదని గాంధీజీ అన్నారు. అంటరానితనాన్ని అంతే గట్టిగా వ్యతిరేకించిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ మాటకు నొచ్చుకుని, ప్రకృతి ఉత్పాతాలను మనుషుల నీతితో ముడిపెట్టకూడదని లేఖ రాశారు. ఇలాంటి తర్కం గాంధీజీ కన్నా ఆయన ప్రత్యర్థులకే బాగా పనికొస్తుందని కూడా హెచ్చరించారు. గాంధీజీ ఆ లేఖను తన పత్రికలోనే అచ్చువేసి జవాబిచ్చారు, తన మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. అంత నిజాయితీపరుడు, అంత మంచి ఉద్దేశంతో అన్నా కూడా, ఆ మాటకు ఇళ్లు కూలి చనిపోయిన పసిపిల్లలు శిక్షితులైపోయారు. నేను గాంధీజీని ఎంతో గౌరవిస్తాను. ఈ ఒక్కచోట ఠాగూర్ పక్కనే నిలబడతాను.

ఇక టీచరు గారి అసలు ప్రశ్న. "నా నిర్ణయం నాది కాకుండా పోయింది" అన్న మీ వాక్యం చదవగానే నాకు గోరా గారు గుర్తొచ్చారు. గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు, 1947లో దాన్ని విజయవాడకు తరలించారు. దేవుడు లేడని నిరూపించడం కన్నా, అన్నిటికీ పైవాడే కర్త అనుకునే మనిషి తనను తాను బానిసగా చూసుకుంటాడనే విషయం మీదే ఆయన ఎక్కువ పట్టుపట్టారు. ఆయన దృష్టిలో నాస్తికత్వం అంటే తన పనులకు తానే బాధ్యుడినని ఒప్పుకోవడం. కనుక మీది అహంకారం అని నేను అనుకోను. ఆ గదిలో మీరు కాదని ఉంటే, ఆ భారం జీవితాంతం మీదే అయ్యేది కదా. కాదన్నప్పటి భారం మీదైతే అవునన్నప్పటి గౌరవం కూడా మీదే.

నిత్య ప్రదక్షిణ

అందరి అనుభవాలూ చదివాను. మూడో వరుస గారు రాసిన ఆ తల్లి సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కూడా ఎప్పుడో ఎవరి పక్కనో కూర్చుని అలా మాట్లాడే ఉంటాను, అది కాదనను.

అయితే నమ్మకం మనుషుల చేతులను కట్టేస్తుందని మాత్రం ఒప్పుకోను. మన దేశంలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా మొదలైంది 1971లో, వేలూరులోని సీఎంసీ ఆసుపత్రిలో. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ గారు మిషనరీల కూతురు. మగ డాక్టరును లోపలికి రానివ్వని ఆచారం వల్ల ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు చనిపోవడం చూసి, దాన్ని దేవుడి పిలుపుగా తీసుకుని ఆమె వైద్యం చదివారు. దేవుడు చేయిస్తున్నాడని నమ్మి ఆమె చేతులు ముడుచుకు కూర్చోలేదు, జీవితమంతా పనిచేశారు. నమ్మకంతోనే ఇంత పని చేసినవారిని పక్కనపెట్టి, కర్మ అని కూర్చున్నవారినే లెక్కలోకి తీసుకోవడం కూడా డయాగరస్ గారి ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన సంగతే. ఇంకొకటి, మన కోసం ఎవరో ప్రార్థిస్తున్నారన్న ధైర్యం రోగికి మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

గణాంకం

చివరి వాక్యానికి మాత్రమే జవాబు. దీన్ని పరీక్షించారు. అమెరికాలోని 6 ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులుగా చేసి, ఫలితాలను 2006లో ప్రచురించారు. తమ కోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి 52 శాతం మందికి, జరగనివారికి 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తమ కోసం తప్పక ప్రార్థిస్తారని ముందే తెలిసినవారిలో అది 59 శాతం. దీన్నిబట్టి దేవుడు లేడని నేను అనడం లేదు. అక్కడ ప్రార్థించినవారు రోగులకు ముక్కూమొహం తెలియనివారు, కనుక సొంత మనుషుల ఓదార్పు గురించి కూడా ఈ లెక్క ఏమీ చెప్పదు. బతకడానికి కారణం ప్రార్థనే అని చెప్పేవారు మాత్రం దీన్ని చదవాలి.

నిర్వాహకులు

ఒక మతాన్ని, ఆ మతస్థులను కించపరిచిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. ఇంతవరకు సాగినట్టే చర్చను సాగించవలసిందిగా మనవి.

దివిసీమ 77

1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాది నాగాయలంక దగ్గర. ఉప్పెన వచ్చినప్పుడు మా నాన్న నన్ను తాటిచెట్టుకు పంచెతో కట్టేశారు. చెల్లెలు ఆయన చేతిలోంచి జారిపోయింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. మా నాన్న బతికినన్నాళ్లూ రోజూ పూజ చేశారు, కాని "దేవుడు మమ్మల్ని కాపాడాడు" అన్న మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఎవరైనా అంటే లేచి వెళ్లిపోయేవారు.

ఆ ఉప్పెన తర్వాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు కట్టారు, రాడార్లు వచ్చాయి, ఉపగ్రహాలు వచ్చాయి. మా ఊరి షెల్టరు తాళంచెవి ఇరవై ఏళ్లు నాన్న మొలతాడుకే ఉండేది. వానాకాలానికి ముందు ఆయనే వెళ్లి తలుపులకు నూనె రాసి, నీళ్ల తొట్టె కడిగి వచ్చేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నాన్నే కొట్టినా మరణాలు పదుల్లో ఆగాయంటే, ముందే హెచ్చరిక ఇచ్చినవారూ, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించినవారూ ఉన్నారు కనుకనే. నాన్నకు దేవుడూ కావాలి, తాళంచెవీ కావాలి. ఆయన ఒకదాని ఘనతను రెండోదానికి ఎప్పుడూ ఇవ్వలేదు. నిత్య ప్రదక్షిణ గారూ, నమ్మకం ఉన్నవారిలో ఇలాంటివారు ఉంటారన్న మీ మాట నాకు తెలిసిన నిజమే. టీచరు గారి ఇంట్లో ఆ రోజు అలాంటివారు ఒక్కరూ లేకపోవడమే నాకు బాధగా ఉంది.

లెక్కల టీచరు

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు మన్నించండి. ప్రతి మాటా చదివాను, కొన్ని రెండేసిసార్లు చదివాను.

పాత చరిత్ర గారి మాటలు చదివాక ధైర్యం చేసి నిన్న అమ్మతో మాట్లాడాను. వంటింట్లో ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. డాక్టరు గారు తలుపు వేసి అడిగిన సంగతి అమ్మకు ఇంతవరకు తెలియదు. చెప్పాను. వద్దంటే ఎవరికీ తెలియకుండా తప్పుకునే వీలు ఉండి కూడా ఇస్తానన్నాననీ, "దేవుడే ఇప్పించాడు" అంటే అదంతా కొట్టుకుపోయినట్టు ఉంటోందనీ చెప్పాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తిరుపతి మొక్కు వాడి కోసం అనుకున్నావా?" అని అడిగింది. అందరం అలాగే అనుకున్నాం. "వాడికి ఏం చెయ్యాలో డాక్టర్లు చెప్పారు, చేశాం. నీ ఒంట్లో ఏ జబ్బూ లేదు. జబ్బు లేని పిల్లను కోయించుకోమని నేను నోరు తెరిచి ఎలా అడగను? వద్దని ఎలా అనను? రెండూ నా వల్ల కాలేదు. నిన్ను క్షేమంగా బయటికి తెస్తే తల నీలాలు ఇస్తానని నీ కోసం మొక్కుకున్నాను" అంది. కాసేపాగి మళ్లీ, "నువ్వు ఇచ్చావని నలుగురిలో అంటే, కొడుకు కోసం కూతురి దగ్గర తీసుకున్నానని అన్నట్టు ఉంటుందే. దేవుడు ఇప్పించాడంటే నాకు కాస్త ఊపిరి ఆడుతుంది" అంది.

నా ఫిర్యాదు దీనితో తీరిపోలేదు. మేనత్త మాట ఇప్పటికీ నాకు తప్పుగానే వినిపిస్తుంది. కాని ఆ మాట వెనుక మా అమ్మ ఏం దాచుకుందో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు, నా భయం ఎంతటిదో ఆమెకూ తెలియలేదు. ఆ మొక్కు మా ఇద్దరి మధ్యా ఇన్నాళ్లూ తెరలా ఉండిపోయింది. దేవుడి పేరు అడ్డం లేకపోతే ఈ సంభాషణ ఏడాది కిందటే జరిగి ఉండేదని మాత్రం అనుకుంటున్నాను. అదే మాట అమ్మతో అన్నాను, ఆమె కాదనలేదు.

ఈ ఉదయం పాలు పోయించుకుంటుంటే పక్కింటావిడ తమ్ముడి గురించి అడిగింది. "అమ్మాయి ఇచ్చిన కిడ్నీతో బాగున్నాడమ్మా" అంది అమ్మ. గిన్నె లోపల పెట్టి, దేవుడి గూటి ముందుకు వెళ్లి దండం పెట్టుకుంది.

థియేటర్ సిస్టర్

చదివి కళ్లు చెమర్చాయి టీచరు గారూ. ఒక్క మాట అడగాలి. తమ్ముడి పరీక్షల సంగతి అందరూ చూస్తారు, ఇచ్చినవారిని ఇంట్లో అందరూ మరచిపోతారు. ఏడాది దాటింది కదా, మీ క్రియాటినిన్, బీపీ, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకున్నారా? ఒళ్లు నొప్పులకని సొంతంగా మాత్రలు కొనుక్కుని వాడకండి, ఒక్క కిడ్నీ ఉన్నవారికి అవి మంచివి కావు.

లెక్కల టీచరు

ఆరు నెలలప్పుడు చేయించుకున్నాను సిస్టర్, క్రియాటినిన్ 1.1 వచ్చింది. ఏడాది పరీక్ష మాత్రం బడి పరీక్షల పనిలో పడి వాయిదా వేశాను. శనివారం తమ్ముడు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూపించుకోవడానికి వెళ్తున్నాడు, వాడి బండి మీదే నేనూ వెళ్తాను.